విజయనగరంలో ఉండి ఏ బాస్కెట్‌బాల్ లీగ్‌ను చూడాలి?

సాయంత్రాలు మా ఊళ్లో ఒక పాఠశాల కోర్టు మీద పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతుంటాను. నా ఉద్యోగం వేరు, ఇది ఇష్టంతో చేసే పని. ఈ మధ్య తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు దాటి వేస్తే మూడు పాయింట్లు వచ్చే త్రీ పాయింటర్ గీతకు మూడడుగులు వెనక నిలబడి బంతి వేస్తున్నాడు. పది వేస్తే రెండు కూడా బోర్డుకు తగలడం లేదు. నడుం మెలిపెట్టి, భుజం మొత్తం ఎగరేసి, చెట్టు మీది మామిడికాయను రాయితో కొట్టినట్టు విసురుతున్నాడు. అంత దూరం నుంచి ఎందుకని అడిగితే, "ఫోనులో వాళ్లు అక్కడి నుంచే వేస్తారు మాస్టారూ" అన్నాడు.

టేపు తెప్పించాను. రింగు నడిమధ్య నుంచి దారానికి చిన్న రాయి కట్టి కిందికి వదిలాం. రాయి ఆనినచోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, అక్కడి నుంచి కొలిచాం. మా సిమెంటు మీద ఉన్న గీత 6.25 మీటర్లు. అది పాత కొలత. అంతర్జాతీయ సమాఖ్య ఫిబా 2010లోనే దాన్ని 6.75 మీటర్లకు జరిపింది. రింగు ముందు ఉండే పెట్టె కూడా అప్పుడే మారింది. అంతకుముందు అది ఎండ్ లైను దగ్గర వెడల్పుగా, ఫ్రీ త్రో గీత దగ్గర సన్నగా ఉండేది, ఇప్పుడది దీర్ఘచతురస్రం. మా కోర్టులో ఇప్పటికీ పాత బొమ్మే ఉంది. ఇక కుర్రవాడు నిలబడిన చోటు ఏడు మీటర్లు దాటింది. అమెరికా ఎన్‌బీఏలో గీత ఉండేది 7.24 మీటర్ల దగ్గర. అంటే వాడు తాను ఎప్పుడూ ఆడని కోర్టు గీత కోసం, తాను ఆడబోయే జిల్లా పోటీల్లో ఉండనే ఉండని గీత కోసం, రోజూ గంటసేపు భుజం నొప్పి పెట్టుకుంటున్నాడు.

ఏ లీగ్ చూడమంటారని తల్లిదండ్రులు, డిగ్రీ కుర్రాళ్లు తరచుగా అడుగుతుంటారు. చాలామందికి తెలిసిన పేరు ఎన్‌బీఏ ఒక్కటే కాబట్టి, అది చూడమంటానని అనుకుంటారు. నేను మాత్రం ముందు రెండు విషయాలు అడుగుతాను. ఒక ఆటను మొదటి విజిల్ నుంచి చివరి బజరు దాకా మీరు ఏ వేళలో చూడగలరు? మీరు, లేదా మీ పిల్లలు, కోర్టులోకి దిగి ఆడతారా, లేక చూసి ఆనందించడం వరకేనా? ఈ రెండు జవాబులు తెలిస్తే లీగ్ దానంతట అదే తేలుతుంది.

పూర్తి ఆట అని అంత పట్టుబట్టడానికి కారణం ఉంది. కోర్టు మీద పదిమంది ఉంటే బంతి ఒక్కరి చేతిలో ఉంటుంది. ఆట తెలియాలంటే మిగిలిన తొమ్మిదిమందిని చూడాలి. తోటి ఆటగాడికి దారి ఇవ్వడానికి ఎవరు అడ్డు నిలబడి స్క్రీన్ వేశారు, షాట్ గాలిలో ఉండగానే ఎవరు వెనక్కి తిరిగి ప్రత్యర్థిని వీపుతో ఆపారు, ఎవరు పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చి డిఫెన్స్‌లో నిలబడ్డారు అన్నవి ఫోనులో తిరిగే పది నిమిషాల ముక్కల్లో ఉండవు. అక్కడ కనిపించేది బంతి రింగులో పడడమే. మా కుర్రవాడు నేర్చుకున్నదీ అదే.

ఎన్‌బీఏ

ఆటగాళ్ల స్థాయి విషయంలో దీనికి సాటి లేదు. 1946 జూన్ 6న న్యూయార్క్‌లో వేరే పేరుతో మొదలై, 1949లో పోటీ లీగ్‌ను కలుపుకొని ఇప్పటి పేరు పెట్టుకుంది. 30 జట్లు: అమెరికాలో 29, కెనడాలోని టొరంటోలో ఒకటి. ఒక్కో జట్టు లీగ్ దశలోనే 82 ఆటలు ఆడుతుంది. బంతి అందిన జట్టు 24 సెకన్లలోపు షాట్ వేయాలని ఈరోజు ప్రపంచమంతా వాడే గడియారం పుట్టింది కూడా ఇక్కడే. 1950 నవంబరులో ఫోర్ట్ వేన్ జట్టు మినియాపొలిస్ మీద 19-18తో గెలిచింది. ఆట మొత్తం మీద వచ్చిన స్కోరే అది! ముందంజలో ఉన్న జట్టు బంతిని దాచుకుంటూ కూర్చుంటే ఇలాగే ఉంటుంది. అప్పుడు సిరక్యూస్ జట్టు యజమాని డానీ బియసోన్ ఒక లెక్క వేశారు. మంచి ఆటలో రెండు జట్లూ కలిపి 120 షాట్ల దాకా వేస్తాయి, 48 నిమిషాలంటే 2,880 సెకన్లు, భాగిస్తే 24. 1954 నుంచి అది నిబంధన అయింది. ఈ లెక్కను పిల్లలకు సుద్దతో నేల మీద వేసి చూపిస్తే వాళ్లు మరిచిపోరు.

ఇబ్బంది వేళల దగ్గర మొదలవుతుంది. అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఏడున్నరకు మొదలయ్యే ఆట చలికాలంలో మనకు ఉదయం ఆరు గంటలకు వస్తుంది. పశ్చిమ తీరంలో ఏడింటికి మొదలయ్యేవైతే ఎనిమిదిన్నరకు. ఆట రెండున్నర గంటల దాకా సాగుతుంది. ఏడున్నరకు బడి బస్సు ఎక్కే పిల్లవాడు మొదటి సగం దాటి చూడలేడు. దుకాణం తెరవాల్సినవాళ్లకు, ఆఫీసుకు వెళ్లాల్సినవాళ్లకు కూడా అంతే. ఆ తర్వాత రోజంతా ఫోను తెరిచిన ప్రతిసారీ స్కోరు ఎదురొస్తుంది. తెలిసిపోయాక రాత్రి కూర్చుని పూర్తి ఆట చూసే ఓపిక ఎవరికి ఉంటుంది? ఆదివారం ఉదయం ఒక్కటే మనది, ఎందుకంటే అక్కడ అది శనివారం రాత్రి.

రెండో విషయం, ఆటలన్నీ ఒకే బరువుతో ఉండవు. ఇక్కడ చివర నిలిచిన జట్టు కింది స్థాయికి పడిపోదు. పైగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ లాటరీలో 2019 నుంచి అట్టడుగు మూడు జట్లకు అందరికన్నా ముందు ఎంచుకునే వంతు దక్కే అవకాశం 14 శాతం చొప్పున ఉంటూ వచ్చింది. అందుకే మార్చి వచ్చేసరికి కొన్ని జట్లకు గెలవాలన్న తొందర ఉండదు. పెద్ద ఆటగాళ్లకు విశ్రాంతి ఇచ్చి కూర్చోబెట్టడమూ మామూలే. దాన్ని తగ్గించడానికే 2023-24 నుంచి ప్రధాన అవార్డులకు కనీసం 65 ఆటలు ఆడాలన్న షరతు పెట్టారు.

మూడోది నిబంధనలు. ఆడేవాళ్లకు ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఎన్‌బీఏలో 12 నిమిషాల క్వార్టర్లు నాలుగు, ఆరు ఫౌళ్లకు బయటికి. మన పిల్లలు ఆడే ఫిబా నిబంధనల్లో 10 నిమిషాల క్వార్టర్లు, ఐదు ఫౌళ్లు. ఎన్‌బీఏలో ఎవరినీ కాపలా కాయకుండా డిఫెండరు రింగు ముందు పెట్టెలో మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. అందుకే రింగు దాకా దారి అంత తెరిచినట్టు కనిపిస్తుంది. ఫిబాలో ఆ అడ్డు లేదు. పొడుగు కుర్రవాడిని రింగు కిందే నిలబెట్టవచ్చు. టీవీలో చూసిన దారిలో దూసుకెళ్లి మావాళ్లు ఎన్నిసార్లు అలాంటి వాళ్లకు బంతి అప్పగించి వచ్చారో! ఒక అంతర పాఠశాలల పోటీలో మా కెప్టెన్ చేతులతో టైమౌట్ గుర్తు చూపించి ఆట వదిలేసి నిలబడ్డాడు. ఎన్‌బీఏలో ఆటగాడు అడగవచ్చు. ఫిబాలో కోచ్ స్కోరు బల్ల దగ్గర చెప్పాలి. రిఫరీ విజిల్ వేయలేదు, అవతలివాళ్లు బంతి తీసుకుని వెళ్లి లేఅప్ వేశారు. మేము ఓడింది రెండు పాయింట్లతో.

ఇంతా చెప్పి దాన్ని వదిలేయమనను. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ప్లేఆఫ్‌లు చూడండి. 16 జట్లు, ప్రతి దశలో ఏడు ఆటల సిరీస్. అదే ప్రత్యర్థితో మళ్లీ మళ్లీ తలపడాలి కనుక ఎవరూ తేలికగా తీసుకోరు. ఫైనల్స్ జూన్‌లో, మనకు ఉదయం ఆరు ప్రాంతంలో. బడులు ఇంకా తెరవని మొదటి రోజుల్లో పిల్లలతో కలిసి కూర్చుని చూడవచ్చు.

ఆస్ట్రేలియా ఎన్‌బీఎల్

మన ప్రాంతంలో ఉండి ఆట నేర్చుకునేవాళ్లకు నేను మొదట చెప్పే పేరు ఇదే. 1979లో మొదలైన లీగ్, 10 జట్లు, అందులో ఒకటి న్యూజిలాండ్‌ది. సెప్టెంబరులో, అంటే మన దసరా సెలవులకు కాస్త ముందు, ఆటలు మొదలవుతాయి. 2009 నుంచి 10 నిమిషాల క్వార్టర్లే. గీత కూడా 6.75 మీటర్లే. అంటే అక్కడ చూసినది ఇక్కడ కోర్టు మీద అలాగే పనికొస్తుంది.

సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో రాత్రి ఏడున్నరకు మొదలయ్యే ఆట అక్కడి వేసవి సమయం ప్రకారం మనకు మధ్యాహ్నం రెండు గంటలకు వస్తుంది. పెర్త్‌లో అదే వేళకైతే సాయంత్రం ఐదు. ఆదివారం భోజనం చేసి కూర్చుంటే నాలుగు గంటలకు ఆట అయిపోతుంది, ఎండ తగ్గాక అటు నుంచి అటే కోర్టుకు వెళ్లవచ్చు. చూసింది కళ్లలో ఉండగానే చేతులతో చేసి చూసుకోవడానికి ఇంతకన్నా మంచి వేళ లేదు. వారం మధ్య ఆటలు బడి వేళలో వస్తాయి, నిజమే. అవి రాత్రి చూడండి. ఈ లీగ్ స్కోర్లు మన చుట్టుపక్కల ఎవరూ మాట్లాడుకోరు కాబట్టి ఫలితం ముందే తెలిసిపోయే బాధ లేదు.

స్థాయి తక్కువని కొందరు పెదవి విరుస్తారు. 2019-20లో ఇలావారాకు ఆడిన లమెలో బాల్, ఆ మరుసటి ఏడాది అడిలైడ్‌కు ఆడిన జోష్ గిడ్డీ ఇక్కడి నుంచే ఎన్‌బీఏకు వెళ్లారు. 2017లో సిడ్నీ కింగ్స్ మన అమృత్‌పాల్ సింగ్‌ను తీసుకుంది. ఈ లీగ్‌లో ఒప్పందం దక్కిన తొలి భారతీయుడు ఆయనే. అయితే నాకు నచ్చేది పేర్లు కావు. జట్టుకు లీగ్ దశలో ముప్పై అటూ ఇటూగా ఆటలే కనుక ప్రతి ఆటకూ బరువుంటుంది, డిఫెన్స్‌లో ఒళ్లు దాచుకునేవాళ్లు తక్కువ. దెబ్బలకు వెనుదీయరు. మా పిల్లలు కింద పడ్డ బంతి మీదికి దూకడం చూసి నేర్చుకున్నది ఇక్కడే.

జపాన్ బీ.లీగ్

జపాన్ కథ మనకు తెలియాల్సినది. అక్కడ రెండు పురుషుల లీగ్‌లు ఒకదానితో ఒకటి పడక నడుస్తుండేవి. ఒక్కటి కమ్మని ఎంత చెప్పినా వినకపోయేసరికి 2014 నవంబరులో ఫిబా ఆ దేశ సమాఖ్యనే సస్పెండ్ చేసింది. ఫుట్‌బాల్ లీగ్‌ను నిలబెట్టిన సబురో కవాబుచిని పిలిచి బాధ్యత అప్పగించారు. రెండింటినీ కలిపి 2016 సెప్టెంబరులో బీ.లీగ్ మొదలుపెట్టారు. ఏడేళ్లు తిరగకముందే 2023 ప్రపంచ కప్ ఆటలకు ఒకినావా వేదికైంది, జపాన్ జట్టు అందులో ఆడిన తీరుతో పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత సంపాదించింది. ఎత్తు పెద్దగా లేని జట్టు, వేగంతోనూ దూరపు షాట్లతోనూ అంతదాకా వెళ్లింది.

ఈ లీగ్‌లో మరో గుణం ఉంది. చాలా వారాంతాల్లో శని, ఆదివారాలు అవే రెండు జట్లు వరుసగా తలపడతాయి. శనివారం ఓడిన కోచ్ ఒక్క రాత్రిలో ఏమి మార్చాడో ఆదివారం కళ్లారా కనిపిస్తుంది. ఎవరిని ఎవరికి కాపలా పెట్టాడు, మొదటి ఐదుగురిలో ఎవరిని తీశాడు అని ఒక కాగితం మీద రాసుకుంటూ చూడండి. పీఈటీలకు, పిల్లలకు నేర్పేవాళ్లకు నేను దీన్నే ముందు పెడతాను. అక్కడ మధ్యాహ్నం మూడు అంటే మనకు పదకొండున్నర. వ్యాఖ్యానం ఎక్కువగా జపనీస్‌లోనే ఉంటుంది. శబ్దం తగ్గించి చూస్తే ఆట ఇంకా బాగా అర్థమవుతుందని నా అనుభవం.

స్పెయిన్, ఫిలిప్పీన్స్

స్పెయిన్ ఏసీబీ యూరప్ దేశాల లీగ్‌లలో గట్టిది. లూకా డాన్‌చిచ్ పదమూడేళ్ల వయసులో రియల్ మాడ్రిడ్‌లో చేరి అక్కడే పెరిగాడు, 2018లో యూరప్ మేటి క్లబ్బులు ఆడే యూరోలీగ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాకే అమెరికా వెళ్లాడు. చివరి రెండు జట్లు కింది స్థాయికి పడిపోతాయి కాబట్టి అట్టడుగు జట్ల ఆట కూడా ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంటుంది. కానీ అక్కడ రాత్రి తొమ్మిది అంటే చలికాలంలో మనకు అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు పెట్టే ఆటలు మాత్రం సాయంత్రం ఐదుకు వస్తాయి. అవి దొరికితే చూడండి.

ఫిలిప్పీన్స్ పీబీఏ 1975లో మొదలైంది, ఆసియాలో మొట్టమొదటి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ అది. వేళ మనకు అనుకూలమే. జట్లు ఊళ్ల పేరున కాక కంపెనీల పేరున ఉంటాయి. రైల్వేస్, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ జట్లను ఎరిగిన మనకు అది కొత్తగా అనిపించదు. అక్కడి జనం ఉత్సాహం చూడముచ్చటగా ఉంటుంది. కాకపోతే 12 నిమిషాల క్వార్టర్లు, 2024లో తెచ్చిన నాలుగు పాయింట్ల గీత వంటివి నేర్చుకునే పిల్లలను తికమక పెడతాయి. పెద్దవాళ్ల కాలక్షేపానికి మంచిది.

మన లీగ్

దీని గురించి రాసేటప్పుడు నాకు కాస్త బాధ, ఎక్కువ ఆశ. మన దేశంలో పురుషుల జాతీయ చాంపియన్‌షిప్ 1934 నుంచి ఉంది. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో మన జట్టు ఆడింది. 2014లో వూహాన్‌లో, చైనా గడ్డ మీద, చైనాను 65-58తో ఓడించాం. ఆ జట్టులోని పెద్ద బలం అమృత్‌పాల్, అమ్‌జ్యోత్ సింగ్‌లు. ఆ మరుసటి ఏడాదే సత్నామ్ సింగ్‌ను ఎన్‌బీఏ జట్టు డాలస్ డ్రాఫ్ట్‌లో 52వ స్థానంలో ఎంచుకుంది. ఇంత ఉన్నా ఏటేటా ఆగకుండా నడిచే లీగ్ మాత్రం నిలదొక్కుకోలేదు. 2015లో ఎనిమిది జట్లతో యూబీఏ వచ్చింది, హైదరాబాద్‌కూ అందులో జట్టు ఉండేది; 2017తో ఆగిపోయింది. 2022-23లో బాస్కెట్‌బాల్ సమాఖ్య ఆధ్వర్యంలో ఐఎన్‌బీఎల్ ఆరు నగరాల జట్లతో మొదలైంది: చెన్నై, బెంగళూరు, కొచ్చి, ముంబై, ఢిల్లీ, చండీగఢ్. తెలుగు ఊరు ఒక్కటీ లేదు. తొలి టైటిల్ చెన్నైకి దక్కింది. 2025లో ఇరవై అయిదేళ్ల లోపువాళ్లకు పెట్టిన పోటీలో హైదరాబాద్ మళ్లీ కనిపించింది.

కాబట్టి ఏడాది పొడవునా చూడడానికి దీని మీద ఆధారపడలేం. కానీ ఆటలు దగ్గరలో ఎక్కడ జరిగినా వెళ్లి చూడమని ప్రతి తల్లిదండ్రినీ బతిమాలుతాను. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడను చూడండి. ఆ ఊరి పిల్లలు బరువులెత్తేది టీవీ చూసి కాదు. తమ వీధిలోని అన్న, అక్క ఎత్తుతుంటే పక్కన నిలబడి చూసి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ నుంచి కాంస్యం తెచ్చింది కూడా అలాంటి గాలి పీల్చే. మనలాంటి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి రింగు దగ్గర ఎగిరితే బూటు చప్పుడు ఎలా ఉంటుందో పిల్లవాడు ఒక్కసారి వినాలి. విజయనగరం హౌరా-చెన్నై ప్రధాన రైలు మార్గం మీదే ఉంది. చెన్నైకి ఒక రాత్రి ప్రయాణం. జాతీయ చాంపియన్‌షిప్ దక్షిణాదిలో ఎక్కడ జరిగినా, జట్టుకు ఆడే నలుగురు పిల్లలను తీసుకుని వెళ్లండి.

మరి ఏది పట్టుకోవాలి

ఆడే పిల్లలకు ఆస్ట్రేలియా లీగ్, అందులోనూ ఒకే జట్టు, వారానికి ఒక పూర్తి ఆట. మా దగ్గర ఆడే అమ్మాయిలకూ ఇదే చెబుతాను. గీత, నిబంధనలు వాళ్లకూ ఇవే, బంతి మాత్రం ఏడో నంబరు బదులు ఆరో నంబరు. నేర్పేవాళ్లకు జపాన్. ఉద్యోగం నుంచి వచ్చి సేద తీరడానికి చూసేవాళ్లు, ఉదయాన్నే లేచే అలవాటున్న రిటైరైన పెద్దలు ఎన్‌బీఏను హాయిగా పట్టుకోవచ్చు. ఏ లీగ్ అయినా ఏ యాప్‌లో వస్తుందో ఏటా మారుతుంటుంది. కాబట్టి సీజన్ మొదలయ్యాక చూసుకుని, మొదట ఒక్క నెలకే డబ్బు కట్టండి. మంచి నాణ్యతతో ఒక పూర్తి ఆట చూస్తే ఫోనులో ఆ రోజు డేటా దాదాపు అయిపోతుంది. ఇంట్లో వైఫై లేకపోతే నాణ్యత తగ్గించి చూడండి. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను హెచ్చరిక వస్తే ఆ వారం ఆశ పెట్టుకోవద్దు. 2014లో హుద్‌హుద్ తర్వాత మాకు కరెంటు ఎన్ని రోజులకు వచ్చిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు.

మా కుర్రవాడికి ఎన్‌బీఏ మానమని చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు మా ఇంటికి రమ్మన్నాను, మరో ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చాడు. మొదటి క్వార్టరంతా బంతిని చూడకుండా ఒక్క ఆటగాడినే చూడాలని షరతు పెట్టాను. పది నిమిషాల్లో అతను బంతి పట్టుకున్నది నాలుగుసార్లు, స్క్రీన్ వేసింది పదకొండుసార్లు అని వాడే లెక్క రాసి చూపించాడు. సాయంత్రం కోర్టుకు వెళ్లి, దారానికి రాయి కట్టి, రంగు డబ్బాతో 6.75 దగ్గర కొత్త గీత గీశాం. ప్రస్తుతం వాడు గీత లోపల, నాలుగున్నర మీటర్ల దగ్గర నుంచి వేస్తున్నాడు. పదికి ఆరు పడుతున్నాయి.